సన్న కంత

ఫోను మోగేసరికి లినెట్ రెండు చేతులూ మైనంలో ఉన్నాయి. తుపాకీ గుండ్లకి పట్టించడానికి తేనెమైనం, గొర్రె కొవ్వు కలిపి అత్తగారు కరిగించి ఇచ్చిన దాన్ని ఆమె వేలి లావు కడ్డీలుగా పోస్తోంది. గ్యారేజీ నిండా తేనె వాసన. ఆ వాసన ఎంత నచ్చిందంటే, మధ్య మధ్య పని ఆపి చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. వంటగదిలోకి పరుగెత్తి, రిసీవరుని మణికట్ల మధ్య ఇరికించి ఎత్తి, గడ్డం కింద నొక్కిపట్టింది.

"హలో, హౌగెన్ వాళ్ళ ఇల్లు."

పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు. ఆ మాట అన్నప్పుడల్లా నాలిక మీద పంచదార పలుకు వేసుకున్నట్టే ఉంటుంది ఆమెకి.

"నేనమ్మా, మెర్ల్‌ని. క్లబ్బు నుంచి. నిలబడి ఉంటే ఏదైనా గట్టిగా పట్టుకో."

"చేతుల నిండా మైనం, మెర్ల్. ఏది పట్టుకున్నా మళ్ళీ వదలదు."

"అయితే ఊరికే విను. శనివారం తుపాకీ పోటీకి ఒకాయన రావట్లేదు. మోకాలి ఆపరేషనట. ఒక చోటు ఖాళీ అయింది. ఇప్పుడే కాఫీ డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీశా. ఏముందో చెప్పనా? లినెట్ హౌగెన్. అక్షరాలు భలే గుండ్రంగా రాస్తావే! డేల్‌కి చెప్పు, శనివారం ఏడింటికల్లా అక్కడ ఉండాలని."

ఆమె రిసీవరు పెట్టిందో లేదో కూడా చూసుకోలేదు. గ్యారేజీ తలుపు మోకాలితో తోసి, చెప్పుల్లేకుండా, కోసిన గడ్డి మొదళ్ళు అరికాళ్ళకి గుచ్చుకుంటున్నా పట్టించుకోకుండా పరుగెత్తింది. డేల్ గడ్డికట్టల యంత్రం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయటికి కనిపిస్తున్నవి రెండు బూట్లే. ఆ బూట్లు చూసినా ఆమెకి ముద్దొస్తుంది ఈ మధ్య.

"వచ్చింది! మన చీటీ వచ్చింది! శనివారం నువ్వు కాలుస్తున్నావ్!"

లోపల ఠంగుమని తల తగిలిన చప్పుడు. నుదురు రుద్దుకుంటూనే బయటికి పాకి వచ్చాడు. ఆమె ముఖం చూసి, అబద్ధం కాదని తెలిసి, అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. దించాక చూస్తే అతని చొక్కా వీపు మీద రెండు మైనపు అరచేతులు.

"నాలుగేళ్ళుగా ఆ డబ్బాలో మగ్గుతోంది నా చీటీ!"

"నీది కాదు మహానుభావా. నాది."

"నీదా? పెళ్ళిలో వేశావే, అదా?"

అదే. పెళ్ళి విందు క్లబ్బు హాల్లోనే జరిగింది. కేకు కోయడానికీ డాన్సుకీ మధ్య మెర్ల్ ఎప్పట్లాగే కాఫీ డబ్బా పట్టుకుని బల్లల మధ్య తిరిగాడు. ఆ రోజు లినెట్ కొత్త ఇంటిపేరు దేని మీద పడితే దాని మీద రాస్తోంది. కాగితం రుమాళ్ళ మీద, కానుకల చీటీల మీద, డేల్ మణికట్టు మీద. డబ్బా ముందుకొస్తే దానిలోనూ ఒకటి రాసి వేసింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు బెర్నీస్ వేపిన దుప్పి మాంసం సాసేజీలు, కొత్త బంగాళాదుంపలు, ఊరబెట్టిన బీట్‌రూటు పెట్టింది. మామగారు ఆర్విడ్ పళ్ళెం మీదికి వంగి తినేవాడల్లా రెండుసార్లు తల ఎత్తి "శనివారం!" అన్నాడు, దేవుడి పేరు తల్చుకున్నట్టు.

"చీటీలో ఎవరి పేరుంది?" అంది బెర్నీస్.

"నాదే," అంది లినెట్.

"ఊఁ."

"ఎవరి పేరైతే ఏంటమ్మాయ్," అన్నాడు ఆర్విడ్. "ఇంటికో చోటు. ఇంట్లో కాల్చేవాడు కాలుస్తాడు. ఈవిడ పేరు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేనే వెళ్ళా. ఎవడూ కిక్కురుమనలేదు."

"నన్నూ ఎవడూ అడగలేదు," అంది బెర్నీస్. "అడిగినా పోయేదాన్ని కాదులే. పొద్దున్నే ఎండలో బోర్లా పడుకుని ఇనప పొట్టేలు వంక చూడాల్సిన ఖర్మ నాకేంటి? మీ నాన్నని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా, అది చాలదా?"

డేల్ నవ్వి, నవ్వు పూర్తిగా ఆగకముందే లినెట్ వైపు తిరిగాడు. పెదాల చివర బీట్‌రూటు ఎరుపు, కళ్ళలో ఇంకా మధ్యాహ్నపు వెలుగు. "నీకేం కాల్చాలని లేదు కదా?"

"నాకెందుకు!" అందామె. "మొన్న మొన్న నేర్చుకున్నదాన్ని."

మాట అతని ప్రశ్న మీదికే ఎక్కి వచ్చేసింది. అందరూ నవ్వారు, ఆమె కూడా. తర్వాత లేచి ఉప్పు తెస్తానని వంటగదిలోకి వెళ్ళింది. ఉప్పు డబ్బా బల్ల మధ్యలోనే ఉంది.

పొద్దున్నే ఊళ్ళో వార్త ఆమెకంటే ముందు నడిచింది. ఆమె కౌంటీ ఆఫీసులో కలుపు మొక్కల లెక్కలు చూస్తుంది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగితే కుర్చీలో ఉన్న పెద్దాయన టోపీ ఎత్తి "మీ ఆయన అదృష్టవంతుడమ్మా" అన్నాడు. ఆఫీసులో పక్క బల్ల ఆవిడ "డేల్ ముఖం ఎలా ఉంది? వెలిగిపోతోందా?" అంది. "వెలిగిపోతోంది" అంది లినెట్. అది నిజం కూడా. పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా నవ్వుతున్నాడతను, నురగ గడ్డం మీద కారుతుంటే. ఆ ముఖం తల్చుకుంటే సంతోషమే. కానీ ఏ పనీ చేతిలో నిలవలేదు. మ్యాపు మీద ఒక లోయకి రంగు వేసి, మళ్ళీ అదే లోయకి ఇంకో రంగు వేసింది. నీళ్ళు తాగడానికి లేచి, తాగకుండా వచ్చి కూర్చుంది. "డేల్‌కి చెప్పు" అన్నాడు మెర్ల్, తన పేరు చదివిన నోటితోనే. ఆ మాట ఫోనులో విన్నప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు బూటులో దూరిన గడ్డిపరకలా, ఎటు తిప్పినా అక్కడే గుచ్చుకుంటోంది. అయినా మెర్ల్‌ని ఏమని అంటుంది? పరుగెత్తుకుని వెళ్ళి "నువ్వు కాలుస్తున్నావ్" అన్నది తనే.

ఆ సాయంత్రం గ్యారేజీలో సీసం పోశారు. తలుపులు బార్లా తీసి, గాలి లోపల్నుంచి బయటికి పోయేలా ఫ్యాను పెట్టి, ఆర్విడ్ పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. కరిగిన సీసం మీద తెట్టుని గరిటెతో తీసేస్తే కింద అద్దంలా మెరిసింది. డేల్ గరిటెతో అచ్చులో పోస్తాడు. పైన మిగిలిన సీసం గడ్డకట్టి, మెరుపు పోయి మసకబారేదాకా ఆగి, కర్ర సుత్తితో ఒక్కటి కొడతాడు. అచ్చు తెరుచుకుని తడిబట్ట మీద గుండు పడుతుంది, బొటనవేలంత, కొత్త వెండిలా. వాటిని దొర్లించి చూసి, ముడతలు పడ్డవాటిని తిరిగి కుండలో వేసే పని లినెట్‌ది. పోయినవాటికి ఆమె వీడ్కోలు చెబుతోంది.

"పాపం, వీడి ముక్కు వంకర. మళ్ళీ పుట్టు నాయనా."

"ఇలా ఒక్కోదానికీ సంతాపసభ పెడితే తెల్లారుతుంది," అన్నాడు డేల్.

"గుండ్లని సైజుకి నొక్కే ప్రెస్సుకి పెద్ద కంత డై బిగించమను మీ అమ్మని," అన్నాడు ఆర్విడ్. "నువ్వు కాల్చే మా తాత రైఫిల్ గొట్టం అరిగిపోయి ఉంది. దానికి లావు గుండే పడాలి. అలమారాలో ఉన్న దాని సంగతి వేరు, దాని గొట్టం బిగువు."

అలమారాలోది బెర్నీస్ రైఫిల్. ఒకానొక పుట్టినరోజుకి ఆర్విడ్ తనకి కావలసింది కొని ఆమెకి కానుకగా ఇచ్చాడు. ఆమె రెండుసార్లు కాల్చి కోట్ల వెనక పెట్టేసింది. ఈ ఎండాకాలం దాన్ని బయటికి తీసింది లినెట్.

"లావుగా ఉన్నదాన్ని డైలోంచి నొక్కి సన్నం చెయ్యొచ్చు," అన్నాడు ఆర్విడ్, ఆమెకి నేర్పుతున్నట్టు గరిటె ఊపుతూ. "సన్నబడ్డదాన్ని లావు చెయ్యడం ఎవడివల్లా కాదు. తిరిగి కుండలోకే."

"కొందరి విషయంలో తిరగబడుతుందే అది," అంటూ డేల్ నాన్న పొట్ట వైపు చూశాడు. ఆర్విడ్ కర్ర సుత్తి చూపించాడు. లినెట్ నవ్వుతూ లేచింది. తలుపు దాకా వెళ్ళి, వాకిట్లో కుక్కని ఊరికే పేరు పెట్టి పిలిచి, వచ్చి మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది.

"నీకేమైందివాళ? కుర్చీలో చీమలున్నాయా?" అన్నాడు డేల్.

"శనివారం దగ్గరికొస్తోందిగా."

"కాల్చేది నేను. కంగారు నీకు!" అని ఆమె భుజాన్ని భుజంతో తోశాడు. అతని చెమట వాసన, సీసం వేడి, తేనెమైనం అన్నీ కలిసి వచ్చాయి. ఆమె ఆ భుజానికి ఆనుకుని కాసేపు నిజంగానే కదలకుండా ఉంది.

బుధవారం గడ్డి పని తొందరగా అయింది. డేల్ తన పాత తూటాలు ఆదివారమే కాల్చేశాడు. అలమారా రైఫిల్‌కి మాత్రం ఒక పెట్టెడు మిగిలాయి. "రా, వాటినీ ఖాళీ చేద్దాం. నేను గాలి చూడ్డం అలవాటు చేసుకుంటా" అన్నాడు. అవతలి కొండవాలు మీద, పాత ట్రాక్టరు రేకులోంచి ఆర్విడ్ కోసి నిలబెట్టిన పొట్టేలు ఉంది. ఇక్కణ్ణుంచి కంటికి అది కందిగింజంత. పోటీలో దగ్గరగా నిలబెట్టే ఇనప కోళ్ళతో మొదలెట్టి, చివరికి ఇంత దూరాన ఇలాంటి పొట్టేళ్ళని పడగొట్టాలి.

ఆమె కంబళి మీద కూర్చుని, రెండు పుల్లల కత్తెర మీద గొట్టం ఆనించింది. డేల్ పక్కనే బోర్లా పడుకుని దుర్బీను స్కోపులోంచి గడ్డి ఎటు వాలుతోందో చూస్తున్నాడు.

"కుడి నుంచి వస్తోంది. ఆగు. ఆగు. తగ్గింది. ఇప్పుడు."

పేలగానే తెల్లటి పొగ కమ్మేసింది. ఆమె పక్కకి ఒరిగి చూసింది. కొండ మీద కందిగింజ నిలబడే ఉంది. నిలబడే ఉంది. తర్వాత, ఎవరో నెమ్మదిగా పడుకోబెట్టినట్టు, వెనక్కి వాలిపోయింది. శబ్దం లేదు. అంతా అయిపోయాక, ఇక రాదేమో అనుకున్నాక, "ఠంగ్" అని వచ్చింది, ఇంకెవరిదో కబురులా. అది పడటానికీ ఆ చప్పుడుకీ మధ్య ఖాళీ ఒకటి ఉంటుంది. అందులో లినెట్ ఊపిరి కూడా తీసుకోదు. ఈ వేసవి అంతా ఆమె దాని కోసమే వచ్చిందని ఆ క్షణం ఆమెకి అర్థమైంది. డేల్ పక్కన పడుకోవడం కోసం మాత్రమే కాదు. దాని కోసం కూడా.

గొట్టం వెనక సన్నటి పైపు పెట్టి నెమ్మదిగా ఊపిరి ఊదింది. ఊపిరి తేమకి లోపల మందు మసి మెత్తబడుతుంది. ముందు నుంచి చిన్న పొగ తీగ బయటికొచ్చింది. చలికాలం ఆవుదూడ ముక్కులోంచి వచ్చినట్టు. దానికి ఆమె ప్రతిసారీ నవ్వుతుంది. డేల్ వెళ్ళి పొట్టేలుని లేపి వచ్చాడు. మళ్ళీ పడింది. మళ్ళీ వెళ్ళాడు.

"ఇకనుంచి నువ్వు మెల్లగా కొట్టు. లేదంటే పొట్టేలుకి తాడు కట్టి ఇక్కణ్ణించి లాగే ఏర్పాటు చెయ్యాలి. నా కాళ్ళు పోతున్నాయి," అన్నాడు ఒగరుస్తూ. తర్వాత స్కోపు కాళ్ళు ముడుస్తూ, ఆమె వంక చూడకుండా, "నువ్వు శనివారం..." అని ఆగాడు.

ఆమె వేళ్ళు గొట్టం మీద ఆగిపోయాయి.

"శనివారం స్కోపు నువ్వే చూడాలి నాకు. నీ కళ్ళు బాగున్నాయి."

"చూస్తాలే," అంది.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో అతను ఈలపాట పాడుతూనే ఉన్నాడు. ఆమె కిటికీ అద్దం దించింది, ఎక్కించింది, మళ్ళీ దించింది.

గురువారం మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ పై పొలంలో ఉన్నారు. బెర్నీస్ గ్యారేజీ బల్ల మీది ప్రెస్సుకి అంటిన మైనాన్ని పాత గుడ్డతో తుడుస్తోంది. ఆ ప్రెస్సు పక్కనే ఒక జుట్టు ఆరబెట్టే యంత్రం తీగతో కట్టి ఉంది, మైనం మెత్తబడటానికి.

"అది నాది," అంది బెర్నీస్. "కొత్తగా కొనుక్కున్న వారానికే మీ మామగారు దీనికి కట్టేశాడు. అప్పట్నుంచి నా తల ఎండలోనే ఆరుతోంది. కూర్చో పిల్లా. పెద్ద కంత బిగించే ఉంది. గుండు ఇక్కడ నిలబెట్టు, పిడి కిందికి నొక్కు. మైనం గుండు చుట్టూ ఉన్న గాళ్ళలోకి పోతుంది. నాలుగు అయ్యాక ఈ మర ఒక చుట్టు బిగించు. పైకి ఎత్తితే గుండు లేస్తుంది, నున్నగా, ఒంటి నిండా నూనె రాసుకుని స్నానానికి బయల్దేరినట్టు."

లినెట్ నొక్కింది. గుండు కిందికి పోయి, పైకి వచ్చింది. గాళ్ళు మూడూ నిండుగా, పసుపు రంగు మైనంతో. "అబ్బ, ఎంత బాగుంది!" అంది.

"బాగుంటుంది. ఈ ఇంట్లో నేను చేసే పనుల్లో ఒకసారి చేస్తే చేసినట్టు ఉండేది ఇదొక్కటే. గిన్నెలు చూడు, తోమిన గంటకి మళ్ళీ తొట్టిలో ఉంటాయి."

లోపల ఫోను మోగింది. బెర్నీస్ చెల్లెలు. ఆ చెల్లెలు ఫోను చేస్తే కుండలో పిండి పొంగి కింద పడినా ఇద్దరికీ తెలీదు. బెర్నీస్ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది.

లినెట్ ఇంకో నాలుగు నొక్కింది. మర బిగించింది. మూడు నాలుగు నొక్కింది. పక్కన చేపల డబ్బా ఖాళీ రేకులో మరలు, తాళంచెవి, రెండో డై ఉన్నాయి. సన్న కంతది. వేలికి తగిలితే దాన్ని తీసింది. వెలుతురుకి పట్టి చూసింది. లోపల ఉక్కు తళతళలాడింది. కింద పెట్టింది. ఒక గుండు తీసుకుంది, దాన్నీ కింద పెట్టింది. లేచి గ్యారేజీ తలుపు దాకా నడిచింది. దూరంగా పొలంలో యంత్రం తడవకొక కట్టని వెనక్కి వదులుతూ పోతోంది. తిరిగొచ్చి నిలబడే ప్రెస్సు పై మర విప్పింది. పెద్ద కంత డైని తీసి రేకులో పెట్టింది. సన్నదాన్ని దించి బిగించింది.

ఒక్కటి, చూద్దామని.

పిడి ఈసారి గట్టిగా అడ్డుపడింది. ఆమె ఒళ్ళు బరువు వేసి నొక్కింది. సీసం లోపలికి ఒదిగిన ఆ మెత్తటి జారుడు అరచేతికి తెలిసింది. పైకొచ్చిన గుండు కంటికి ఏ తేడా లేదు. వెంట్రుకంత కూడా లేదు. కానీ అది ఇక డేల్ రైఫిల్‌ది కాదు. ఇంకొకటి నిలబెట్టింది. ఇంకొకటి. అప్పటికే లావు డైలో అయిపోయినవాటిని కూడా వెనక్కి లాక్కుని మళ్ళీ నొక్కింది. చెవుల వెనక చెమట పట్టింది. ఆపాలనుకుంటూనే మర బిగించింది.

"మా చెల్లెలు మొగుడు మళ్ళీ గడ్డం పెంచుతున్నాడట," అంటూ బెర్నీస్ వచ్చేసింది. "లే, నీ చెయ్యి నెప్పి పుడుతుంది. నేను నొక్కుతా, నువ్వు అందియ్యి."

లినెట్ లేచింది. బెర్నీస్ కూర్చుని గుండు పెట్టి పిడి నొక్కింది. సగంలో ఆగింది. ఆ చెయ్యి ముప్ఫై ఏళ్ళుగా అదే పిడి నొక్కుతోంది. ఆమె చూపు రేకు మీదికి పోయింది. అక్కడ మరల మధ్య పెద్ద కంత డై కూర్చుని ఉంది. ప్రెస్సు మీదికి వచ్చింది. ఆ తర్వాత కోడలి ముఖం మీదికి.

ఆరబెట్టే యంత్రం మాత్రం గుయ్యిమంటోంది.

బెర్నీస్ భుజం వంచి, మిగతా సగం కూడా నొక్కింది. గుండు లేచింది. తీసి గుడ్డ మీద వరసలో పెట్టింది.

"మైనం బాగా కుదిరింది ఈసారి," అంది. "అందియ్యవే. చూస్తూ నిలబడితే అవే ఎక్కుతాయా?"

లినెట్ అందించింది. వరసలు పెరిగాయి.

"దుప్పి వేటకి నా పేరు మీద పర్మిటు వచ్చిందనుకో," అంది బెర్నీస్, ఏదో కూర సంగతి చెబుతున్నట్టు. "దాని మీద ఆర్విడ్ దుప్పిని కొడితే ఏమవుతుంది? వార్డెన్ వచ్చి దుప్పినీ, రైఫిల్‌నీ, ట్రక్కునీ పట్టుకుపోతాడు. ఆర్విడ్‌ని మాత్రం వదిలేస్తాడనుకో, ఎక్కడ పెట్టుకుంటాడు? కానీ ఇనప పొట్టేలు దగ్గరికొచ్చేసరికి ఎవరి పేరైతే ఏంటట. నాకు ఎప్పుడూ అర్థం కాలేదు."

"బెర్నీస్, నేను..."

"నాకు చెప్పకు. నాకు చెప్పడంలో గొప్పేముంది? వినాల్సినవాడు గడ్డిలో ఉన్నాడు."

ఆ సాయంత్రం వినాల్సినవాడు ఒళ్ళంతా గడ్డి పొట్టుతో వచ్చాడు. లినెట్ వాకిట్లో అతని వీపు దులుపుతూ మూడుసార్లు "డేల్" అంది. మొదటిసారి "ఇక్కడ ఇంకా ఉంది" అని పూర్తి చేసింది. రెండోసారి "తల వంచు" అంది. మూడోసారి "ఏం లేదు" అంది.

శుక్రవారం సాయంత్రం ఆర్విడ్ గ్యారేజీ బల్ల మీద ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టాడు, తూటాలు కట్టడానికి. డేల్ ఆ పాత రైఫిల్ గొట్టం శుభ్రం చేసి, ఎందుకో ముచ్చటపడి, గుడ్డ మీంచి ఒక గుండు తీసి గొట్టం మూతికి ఆనించాడు. గుండు అడుగు కొద్దిగా పట్టి నిలవాలి. అది ఎక్కడా పట్టకుండా లోపలికి జారబోయింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే.

"నాన్నా. ఇవి వదులు."

ఆర్విడ్ కళ్ళద్దాలు దించుకుని కొలిచే పరికరంలో ఒకటి బిగించి చూశాడు. రెండోది చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "బెర్నీస్!"

ఆమె వంటగది గుమ్మంలోకి వచ్చింది, చేతిలో రుబార్బ్ కాడల కేకు పళ్ళెంతో. "ఏంటా అరుపు? ఇల్లు అంటుకుందా?"

"కంత తప్పు పెట్టావ్! అన్నీ సన్నబడిపోయాయి! ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని!"

బెర్నీస్ లినెట్ వంక చూడలేదు. "పెట్టానేమో," అంది. "కళ్ళు మునుపట్లా లేవు. ఈ గ్యారేజీలో దీపం మార్చమని ఎన్నాళ్ళుగా చెప్తున్నా?"

"సరేలే, పోయేదేం లేదు," అన్నాడు డేల్. అప్పుడే పొయ్యి వైపు కదిలాడు. "సీసం ఉంది. ఇప్పుడు మొదలుపెడితే పొద్దుపోయేలోగా పోసేయొచ్చు. అమ్మని ఏమీ అనకు నాన్నా." అగ్గిపెట్టె తీశాడు.

అంతే. ఆమె ఊరుకుంటే చాలు. కుండ వేడెక్కుతుంది, ఈ గుండ్లన్నీ కరుగుతాయి, తప్పు అత్తగారి కళ్ళ మీద పడి మర్చిపోతారు, డేల్ శనివారం కాలుస్తాడు, ఆమె స్కోపు చూస్తుంది. లినెట్ బల్ల అంచు పట్టుకుంది.

"వెలిగించకు," అంది.

డేల్ అగ్గిపుల్ల చేత్తో పట్టుకునే తిరిగాడు.

"ఆవిడ కాదు. నేనే మార్చాను. తెలిసే మార్చాను."

ఆర్విడ్ కళ్ళద్దాలు పైకి తోశాడు. డేల్‌కి ఇంకా అర్థం కాలేదు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపాడు.

"అవి అలమారా రైఫిల్‌కి సరిపోతాయి. చీటీ నాది డేల్. నాకు కాల్చాలని ఉంది."

"సోమవారం అడిగాను కదా నేను."

"అడిగావు. అబద్ధం చెప్పాను."

"ఎందుకూ?"

"నీ ముఖం అలా ఉంది. దాన్ని ఆర్పడం నా వల్ల కాలేదు. తర్వాత ప్రతి రోజూ చెబుదామనుకున్నా. చెప్పలేక, ఇదిగో, ఈ పని చేశాను. నోటితో చెప్పాల్సింది. అది నా తప్పే. కాల్చాలనుకోవడం మాత్రం తప్పు కాదు."

డేల్ అగ్గిపుల్లని తిరిగి పెట్టెలో పెట్టాడు. పెట్టె జేబులో పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళు," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత వాకిట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి రబ్బరు గొట్టం నీళ్ళు ట్రక్కు రేకు మీద పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ ట్రక్కుని అతను పెళ్ళినాటి నుంచి కడగలేదు.

"మెర్ల్ ఏమంటాడో," అన్నాడు ఆర్విడ్ నెమ్మదిగా.

"మెర్ల్ చదివింది నా పేరే, ఆర్విడ్."

ఆయన ఒక గుండు ఎత్తి, గాళ్ళలో మైనం చూసి, వేలితో తిప్పి, మళ్ళీ చూశాడు. మైనంలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. పెద్దగా నిట్టూర్చి, "బిగువు రైఫిల్‌కి మందు కొలత వేరు. ఆ చిన్న గరాటు ఇటు తోయండి, ఎవరో ఒకరు," అన్నాడు.

ముగ్గురూ కూర్చుని కట్టారు. బెర్నీస్ కేకు ముక్కలు చేతులకి అందేలా పెట్టింది కానీ లినెట్ ముట్టుకోలేదు. ప్రతి తూటాకీ ఒకసారి వాకిలి వైపు చూసింది. నీళ్ళ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగింది. లేచి వెళ్ళాలని మోకాళ్ళు లేస్తుంటే, బెర్నీస్ బల్ల కింద ఆమె పాదం మీద తన పాదం పెట్టి అదిమింది.

డేల్ వచ్చేసరికి పొద్దు ఇంకా కొండ అంచున ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఎవరి వంకా చూడకుండా కేకు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, నములుతూ, కట్టిన తూటాల్లో ఒకటి తీసి గుండు నిటారుగా ఉందో లేదో వెలుతురుకి పెట్టి చూశాడు.

"రేడియోలో చెప్పారు," అన్నాడు. "పశ్చిమ మోంటానా అంతా రేపు పొద్దున గాలి దక్షిణం నుంచట. పదింటికల్లా తిరుగుతుందట. పొట్టేళ్ళ దగ్గరికి నువ్వు పదిలోపే రావాలి."

లినెట్ కళ్ళు ఒక్కసారి నిండాయి. తుడుచుకోవడానికి చేతుల నిండా మైనం. మోచేత్తో తుడుచుకుంది.

"కోపం పోయిందా?"

"లేదు. రేపు మధ్యాహ్నం దాకా ఉంటుంది. నువ్వు కోళ్ళ దగ్గరే తప్పావంటే ఎల్లుండి దాకా. జరుగు."

ఆమె జరిగింది. అతను పక్కన కూర్చుని, తన తడి మోకాలు ఆమె మోకాలికి తగిలినా తీయకుండా, మైనం పట్టిన గుండు ఒకటి ఇత్తడి గొట్టం మూతి మీద పెట్టి అందించాడు. ఆమె అందుకుంది. ఇప్పుడు ఆమెకి లేవాలని లేదు, తలుపు దాకా నడవాలని లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"అందరూ వినండి," అంది. "రేపు నాలుగున్నరకి లేవాలి, ఐదింటికి బయల్దేరాలి. ఆర్విడ్, కాఫీ ఫ్లాస్కు మీది. బెర్నీస్, మీరూ వస్తున్నారు, నీడకి గొడుగు పెడతాను, ఇనప పొట్టేలు వంక చూడక్కర్లేదు, నా వంక చూడండి చాలు. డేల్, స్కోపు నీది, గాలి నువ్వు చెప్తావు. కాల్చేది నేను."